పార్లే అనే మాట దగ్గర

నాకు నత్తి. మిగతా అక్షరాలన్నీ ఎట్లాగో పలుకుతాను, 'ప'తో మొదలయ్యే మాట దగ్గరికి వచ్చేసరికి పెదాలు అతుక్కుపోతాయి. చిన్నప్పుడు కిరాణా దుకాణంలో పప్పు అనలేక కందులు అడిగి తెచ్చి అవ్వతో తిట్లు తిన్నాను. మావంటి వాళ్లకు ఇది అలవాటే. రాని మాట ఎదురైతే పక్క సందులోంచి తప్పుకుపోతాం.

ఒక్క చోట మాత్రం తప్పుకునే పని ఉండేది కాదు. మా నాన్న, మేం బాపు అంటాం, ఒక షెడ్డులో సాంచాల మీద బట్ట నేసేవాడు. ఆ షెడ్డులో మరమగ్గాలన్నీ ఒకేసారి కొట్టుకుంటుంటే నా గొంతు నాకే వినపడేది కాదు. నత్తి ఎటు పోయేదో! బాపు చెవి దగ్గర బడి ముచ్చట్లన్నీ గడగడా చెప్పేదాన్ని.

"గిక్కడ గింత మంచిగ మాట్లాడ్తవు, ఇంట్లకు రాంగనే ఏమైతది బిడ్డా?" అనేవాడు బాపు. ఏమో, నాకేం తెలుసు.

కిందటేడు మంచిర్యాలలో ఒక కాలేజీకి ఇంగ్లీషు గెస్టు లెక్చరర్ ఉద్యోగం కోసం వెళ్లాను. అంతకుముందు రెండు చోట్ల డెమో క్లాసులోనే నోరు పడిపోయింది. ఇదీ పోతే పాఠం చెప్పే ఆశే వదిలేస్తానని అవ్వతో అనేశాను. వాళ్లిచ్చిన అంశం రెండుసార్లు చదివాను. మాట్లాడటానికి సంబంధించి ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన పదాలట! టెల్, టాక్, సే ఇంగ్లీషు వాళ్ల సొంతం, నా నోటికి తేలిక. ఫ్రెంచి వాళ్లేమో మాట్లాడటాన్ని పార్లే అంటారు. కూర్చుని మాట్లాడుకునే గది పార్లర్, దేశం సంగతులు మాట్లాడుకునే చోటు పార్లమెంటు. తిరిగొస్తానని మాట ఇచ్చి జైలు నుంచి బయటికొచ్చే పెరోల్ కూడా వీటి చుట్టమే. నా ఖర్మ, తప్పుకుందామంటే సందే లేదు.

పదాలన్నీ బోర్డు మీద రాసి వెనక్కి తిరిగాను. ప్రిన్సిపాల్ మేడమ్ నా పెదాలకేసే చూస్తోంది. గదిలో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దానికి ఎంత భయమేసిందంటే, చేతిలో చాక్‌పీసు విరిగింది.

"ప్... ప్..." అన్నాను.

అప్పుడే కాలేజీ వెనక పట్టాల మీదికి బొగ్గు గూడ్సు వచ్చింది. కిటికీలు అదిరాయి. నా గొంతు నాకు వినపడలేదు. పార్లే, పార్లర్, పార్లమెంటు, పెరోల్, ఒక్కటీ ఆగలేదు. బాపుకు చెప్పినట్టే గడగడా చెప్పేశాను. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

బండి వెళ్లిపోయింది. మేడమ్ చెవుల మీంచి చేతులు తీసింది.

"బండి సప్పుడుకు ఒక్క ముక్క వినరాలే అమ్మా. మళ్ల మొదటి నుంచి చెప్పు," అంది.

కిటికీలోంచి చూశాను. పట్టాలు ఖాళీగా ఉన్నాయి.