రెండడుగుల ఖాళీ

రాతిపొరల్లోంచి గ్యాసు తీసే ఆ క్షేత్రంలో నీటి ప్రణాళిక వేసే ఇంజనీరును అందరూ నీళ్ళక్క అంటారు. యాభై దాటిన మనిషి. ఉప్పు పట్టి తెల్లబడిన బూట్లు, చెవి వెనక పెన్సిలు. రాయి పగిలి గ్యాసు వదలడానికి బావిలోకి పంపే నీరు ఎక్కడినుంచి తేవాలో చెప్పేముందు, అది పాడై పైకి తిరిగొచ్చాక ఎక్కడికి పోతుందో అడుగుతుంది. అందుకే సమావేశాలకు ఆమెను ఆఖరున పిలుస్తారు.

ఆమధ్య ఆ నీటిని శుద్ధిచేసే యంత్రం చెడిపోయింది. గ్యాసుబావి కక్కిన ఉప్పునీరు నిల్వ గుంటలో ఎర్రగీత దాకా వచ్చింది. గీతపైన వదిలిన రెండడుగుల ఖాళీ వాననీటి కోసం. అది లేకపోతే, గట్టి వానకు గుంట పొర్లి దిగువ ఊళ్ళ మంచినీళ్ళ బావులు పాడవుతాయి. గ్యాసుబావిని మధ్యలో ఆపితే మళ్ళీ దారికి తేవడం కష్టమన్న మేనేజరు మాటా అబద్ధం కాదు.

“ఆకాశం అద్దంలా ఉంది. ఏ వానకు భయపడుతున్నారక్కా? ఒక్క అడుగు నింపనివ్వండి.”

“నా భయం వానకి కాదు బాబూ, మీ ఒక్క అడుగుకి. రేపు రెండోది కూడా అడుగుతారు.”

“వారం దాకా చినుకు పడకపోతే?”

“తప్పు నాదేనని రాయండి, సంతకం పెడతాను. ఇప్పుడు కాస్త పక్కకి జరగండి.”

గుంటలోకి నీరొచ్చే గొట్టం వాల్వును రెండు చేతులతో తిప్పి బిగించేసింది. గ్యాసుబావి ఆగింది.

ఆ వారం చినుకైనా పడలేదు. తప్పు ఆమెదేనని మేనేజరు రాశాడు, ఆమె అన్నట్టే సంతకం పెట్టింది. యంత్రం బాగై నీరు దిగాక, గోడమీద వెలిసిపోయిన ఎర్రగీతకు తనే మోకాళ్ళమీద కూర్చుని కొత్తరంగు పూసింది, అంగుళమైనా పైకి జరపకుండా.