వెనక బెంచీలో మా హెడ్మాస్టరమ్మ

మొన్న ఉదయం ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు పోతుండగా మా హెడ్మాస్టరమ్మ పోయారన్న కబురు వచ్చింది. వస్తుందని తెలిసిన కబురే. అయినా చాక్‌పీస్ పట్టుకుని వరండాలో అలాగే నిలబడిపోయాను.

కేతేపల్లి దగ్గరి మా సర్కారు బడికి ఆమె వచ్చేనాటికి నేను లెక్కల సారుగా పేరు మోసినవాణ్ణి. వచ్చిన కొత్తలోనే మమ్మల్నందరినీ తన సోషల్ పాఠానికి పిలిచారు. "ముందుగాల నా తప్పులు వట్టుండ్రి. ఆనంక మీ క్లాసులకొస్త" అన్నారు. ఎవరికి నోరొస్తుంది? బాగుంది మేడం అన్నాం. "గట్లంటె నేను రిటైరయ్యేదాంక గిట్లనే చెప్త మరి" అని నవ్వారు.

తనిఖీ అంటే మాకు తెలిసింది వెనక కుర్చీ, ఎర్ర సిరా, ఆపైన మెమో. ఆమె మాత్రం వెనక బెంచీలో ఆడపిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. నేను సమీకరణం చెబుతుంటే చెయ్యెత్తారు. "సమజ్ కాలే సారూ. గా ఎక్స్ అటుదిక్కు ఎట్ల వోయింది?"

పిల్లలు గొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ చెప్పాను. మళ్లీ చెయ్యెత్తారు. చివరికి చింతగింజలు తెప్పించి, బల్ల మీద రెండు కుప్పలు పోసి చెప్పాను. ఏడాదంతా నా ముందు నోరు విప్పని పిల్ల ఆమె పక్కనుంచి "గంతేనా!" అంది.

బయటికొచ్చాక ఆమె అన్నది ఒక్కటే. "పిల్ల తలూపిందంటె సమజైందని గాదు సారూ. ఇగ నన్ను ఇడిసిపెట్టుమని."

మెమో రాలేదు. మరికొన్నాళ్లకు మళ్లీ అదే బెంచీలో కూర్చున్నారు. ఆమెను చూసి మేమూ ఒకరి తరగతిలో ఒకరం కూర్చోవడం, చెయ్యెత్తడం మొదలుపెట్టాం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హిందీ సారు కూడా పాఠం చెప్పే తీరు మార్చుకున్నాడు. ఆమె వల్లే నేను పంతుల్నయ్యాను.

తర్వాత కడుపునొప్పని సెలవు పెట్టారు. పట్నం దవాఖానలో చూడబోయిన రోజు డాక్టరు ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పాడు. ఆమె తమ్ముడు తలూపాడు. నేనూ తలూపాను. సూది గుచ్చిన చెయ్యి మంచం మీదనుంచి మెల్లగా లేచింది.

"సమజ్ కాలే సారూ. జర తెలుగుల చెప్పుండ్రి. నేను బతుకుతనా?"

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బతకరని తెలుగులోనే చెప్పాడు. ఆమె ఎత్తిన చెయ్యి దించి, "ఇప్పుడు సమజైంది" అన్నారు.

మొన్న సంతాపం పాటించాక తొమ్మిదో తరగతికి పోయి పాఠం చెప్పాను. అర్థమైందా అంటే అందరూ తలలూపారు. వెనక బెంచీలో ఒక్క చెయ్యీ లేవలేదు. బోర్డు తుడిచి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.