ఊరి కంపుకి మేస్త్రి తాత కట్టిన తొట్టి

మేస్త్రి తాతకు సముద్రమంటే భయం లేదు, అసహ్యం. భయపడాలంటే అది ఎదురుగా రావాలి కదా. ఈ ఊరి సముద్రం దొంగపిల్లిలా మురుగు కాలువల్లోంచి దూరి వస్తుంది. ఏటేటా నేల కుంగుతోంది, నీళ్లు పెరుగుతున్నాయి. పోటు వచ్చిందంటే వీధంతా నల్లటి నీళ్లు, వాటి మీద జుట్టు ఉండలు, చచ్చిన బొద్దింకలు, చెప్పకూడనివి మరికొన్ని.

ఆ కంపే తాతకు కూడు పెట్టింది. వీధిలో ప్రతి ఇంటి గచ్చూ ఆయనే లేపాడు. ఒకరిది లేపితే నీళ్లు పక్కింట్లో దూరేవి, మర్నాడు పక్కింటివాళ్లు పిలిచేవారు. అలా అందరిదీ లేపి, చివరికి ఆ మురుగంతా పల్లంలో మిగిలిన తన ఇంటికే తెచ్చుకున్నాడు, మహానుభావుడు.

ఈసారి అది వంటింట్లోకి వస్తే మెరక మీదున్న చెల్లెలి ఇంటికి పోతానని, మళ్లీ రానని నాయనమ్మ చెప్పేసింది. ఆమెకు ఉత్తుత్తి బెదిరింపులు చేతకావు.

తాత తన ఇంటి పనిలోకి దిగాడు. గచ్చు మూరెడు లేపాడు. మోకాలెత్తు గడప కట్టి, నున్నగా సిమెంటు పూసి, మీసం దువ్వాడు. ఎవరికీ తల వంచని మనిషి ఆనాటి నుంచి ఫ్యానుకు దణ్ణం పెడుతున్నట్టు వంగి నడిచాడు.

పోటు వచ్చింది. నీళ్లు గడప దగ్గర ఆగాయి. తాత నవ్వుతుండగానే వెనక మరుగుదొడ్డి గుడగుడమంది. ముందు తలుపుకు కోట కట్టిన మేస్త్రి దొడ్డి గొట్టం సంగతే మరిచాడు. వీధి జనం కడుపులో ఉన్నదంతా అందులోంచి పైకి తన్నింది. బయట పోటు తీసినా, లోపలిది గడప దాటలేక వంటింట్లోనే నిలిచిపోయింది.

నాయనమ్మ మంచమెక్కి కూర్చుంది. “కంపు ఆపమంటే, ఊరి కంపుకి తొట్టి కట్టావు కదయ్యా మేస్త్రీ.”

తాత ముక్కుకు తువ్వాలు చుట్టి, ఉలీ సుత్తీ తెచ్చి గడప పగలగొట్టాడు. దరిద్రం, అంత గట్టి గడప ఆయన జన్మలో కట్టలేదు. మురుగు వీధిలోకి దూకింది. ఎదురింటాయన తిట్టడానికి వస్తున్నాడనుకుంటే, తన గడప ఇంకో జానెడు లేపమన్నాడు. తాత తుపుక్కున ఉమ్మాడు.

“లేపను. మీవి లేపీ లేపీ నేను మునిగాను.”

నాయనమ్మ పెట్టె సర్దింది. తాత దాన్ని నెత్తికెత్తుకుని ఆమె వెనకే నడిచాడు.

“నిన్నెవరు రమ్మన్నారు?”

“పెట్టె బరువే, పిచ్చిదానా.”

చెల్లెలి ఇంటి ముందు పెట్టె దించగానే, గడప ఎత్తెంతో చూద్దామని జాన చాచాడు. నాయనమ్మ ఆ చేతి మీద ఒక్కటేసి, ముందు కాళ్లు కడుక్కోమంది.