ఏడు జానల స్నోబోర్డు

2022 జూన్ 17, శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు దుబాయ్ నైఫ్ బజారులో ఒక పాత సామాన్ల దుకాణం మెట్లెక్కాను. నేను వంట చేసే ఇంటి అమ్మాయికి, మాల్ లోపలి మంచు వాలు మీద జారే స్నోబోర్డు ఒకటి ఉండేది. బాల్కనీలో దాని మీద వడియాలు పెట్టాను. ఎండకు జిగురు వదిలి పొరలు విడిపోయాయి. వాళ్ళమ్మ ఆదివారం ప్రయాణం నుంచి వచ్చేలోగా అదే కొలతది తెస్తే ఎవరికీ చెప్పనంది అమ్మాయి. కొత్తది పన్నెండు వందల దిర్హాములు. నా దగ్గరున్నవి నాలుగు వందలు.

ఆ దుకాణం నడిపే ఆయనది మా రాజోలే. మెడలో టేపు వేలాడుతున్నా దేన్నయినా జానతోనే కొలిచేవాడు. బొటనవేలు నాలుకతో తడిపి, ఆ ఎంగిలి చేత్తోనే తన దగ్గరున్న ఒక బోర్డు పొడవునా జానలు వేశాడు.

"నూట నలభై సెంటీమీటర్లుండాలండి" అని కాగితం చూపించాను.

"ఏడు జానలండి. ఖలాస్! మనోణ్ణి, మీకు తేడా చేత్తానా అక్కా?"

పప్పు కూడా తూచి పోసే నేను, ఆ 'మనోణ్ణి' విని టేపు అడగలేదు. మూడు వందల యాభై ఇచ్చేశాను.

ఇంటికొచ్చి కొలిస్తే నూట యాభై నాలుగు. అమ్మాయి బరువుకు అది మలుపు తిరగదట. శనివారం పొద్దున మళ్ళీ మోసుకెళ్ళాను. ఆయన మళ్ళీ వేలు తడుపుకున్నాడు.

"పిల్ల ఎదగదా అక్కా?"

"ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళు!"

"అయితే కాత్త తిని ఒళ్ళు చెయ్యమనండి. వంట మీదే కదా!"

వెనక్కి తీసుకోలేదు. అదే బోర్డు మళ్ళీ ఇంటికి మోసుకొచ్చాను.

ఆదివారం వాళ్ళమ్మ బోర్డు పొడుగు చూడగానే ఆరా తీసింది. పాడుచేసినందుకు కాదు, దాచినందుకు పొమ్మంది.

పోయినవి: బోర్డుకు మూడు వందల యాభై దిర్హాములు, టాక్సీలకు నలభై ఎనిమిది, రెండు కిలోల వడియాలు, ఆ ఇంట్లో ఆరేళ్ళ నాలుగు నెలల పని.