సూదుల దిండు

మా అమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. దారం ముక్క పారేస్తే ఊరుకునేది కాదు. జానెడు ముక్కలను అల్లి రవికెకు కట్టుతాడు చేసేది, బెత్తెడు వాటిని కుచ్చులు కట్టేది. ఇక దేనికీ పనికిరాని పోగులను, తల దువ్వినప్పుడు వచ్చే చిక్కు వెంట్రుకలతో కలిపి చిన్న గుడ్డ సంచిలో కుక్కి కుట్టేసేది. అదే సూదుల దిండు. వెంట్రుకల జిడ్డుకు సూదులు తుప్పు పట్టవు.

ఈ అరబ్బు దేశంలో, అల్ ఘర్రాఫాలో నేను పనిచేసే విల్లాలో మేడం నల్ల అబాయా అంచు జారినా, సార్ తొడిగే పొడవాటి తెల్ల చొక్కా, తోబ్‌కు గుండీ ఊడినా, మేడం అత్తగారి నీలం గౌను చిరిగినా సూది పట్టేది నేనే. మిగిలిన పోగులు దాచి, నా చిక్కు వెంట్రుకలు కలిపి, నేనూ ఒక దిండు చేసుకున్నాను. ఇక్కడి ఎండాకాలపు తేమలో కూడా నా సూదులు తళతళలాడేవి. అందుకు నాకు కాస్త పొగరు కూడా.

రెండేళ్ల కిందట ఆ అత్తగారు, పెద్దావిడ, మోకాళ్ల నొప్పులతో మంచం పట్టింది. ఆ వారంలోనే మేడం కత్తెర కోసం నా కుట్టు డబ్బా తెరిచింది. దిండు కుట్టు విడిపోయి వెంట్రుకలు బయటికి వచ్చి ఉన్నాయి. ఆమె దాన్ని ముట్టుకోలేదు. నాకప్పటికి అరబ్బీ సరిగా రాదు కనుక, మా కడప వైపు నుంచే వచ్చిన డ్రైవరును పిలిపించింది.

"ఈ దారాలు ఎవురివని అడుగుతాండాదక్కా."

పనితనం చూపించుకోవచ్చని సంబరపడ్డాను. ఒక్కో పోగూ లాగి చెప్పాను. నల్లది మేడంది, తెల్లది సార్‌ది, నీలంది పెద్దావిడది, వెంట్రుకలు నావి. చెప్పేకొద్దీ మేడం మొహం పాలిపోయింది.

"నోరు మూసుకో అక్కా! ఇంట్లో అందరి దారాలు, ఎంటికెలు, పైన సూదులు. చేతబడి చేసినావనుకుంటాండారు. పోలీసుల్ని పిలుస్తారంట."

ఆ మాట పడ్డ ఆడదాన్ని మా ఊళ్లోనూ గడప తొక్కనివ్వరు. జైలు కన్నా ఆ పేరుతో ఊరికి పోవడమే నాకు ఎక్కువ భయం.

డబ్బాను పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె ఏదో చదివి నీళ్లు చల్లింది. తళతళలాడే సూది ఒకటి తీసి కిటికీ వెలుగులో చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసి, వేలితో తన నుదురు తట్టుకుంది.

"మాఫీ ముఖ్."

బుర్ర లేదు, అంతే అని.

"అవునను అక్కా, తొందరగా అను," అన్నాడు డ్రైవరు.

"మాఫీ ముఖ్, మామా," అని నా నుదురు నేనే కొట్టుకున్నాను; ఇక్కడ మామా అంటే అమ్మ. మేడం ఫోన్ పక్కన పెట్టింది. మా అమ్మ తెలివిని బుద్ధితక్కువతనంగా ఒప్పుకుని బతికిపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ మండుతుంది.

దిండును పెరట్లో కాల్చేశారు. అప్పటినుంచి ప్రతి దారం ముక్కనూ మేడంకు చూపించి చెత్తబుట్టలో వేస్తున్నాను.

మొన్న సార్ తెల్ల తోబ్‌కు గుండీ కుడుతుంటే సూది తుప్పు మరక అంటింది. మేడం కేకలేసింది. ఇప్పుడు నాకు అరబ్బీ బాగానే అర్థమవుతుంది.

"సూదులు తుప్పు పట్టకుండా దాచుకోవడం కూడా తెలియదా నీకు?"

"తెలియదు మేడం," అన్నాను.