కణాలు లేని ఫ్లాస్కు

ఆచార్య సుగుణకుమారి గారు దివంగతులయ్యారని మొన్న ఆదివారం ఉదయం ఫోనొచ్చింది. నమ్మలేదు. ఏ కబురైనా రెండోసారి సరిచూసుకోనిదే నమ్మవద్దని నేర్పింది ఆవిడే. అందుకని వాళ్లింటికి ఫోన్ చేశాను. ఫలితం మారలేదు.

విజయవాడలో క్యాన్సర్ కణాల పరిశోధనకే జీవితాన్ని అంకితం చేసిన విదుషీమణి ఆమె. కణాలు అతి సూక్ష్మమైన సంచులను బయటికి వదులుతాయి. వాటిలో ఆర్ఎన్ఏ అనే సందేశం ఉంటుంది. క్యాన్సర్ కణం పంపిన సంచి పక్కనున్న మంచి కణంలో చేరి దాని బుద్ధి మార్చగలదు. గోడౌన్లూ సరుకు బండ్లూ నిండిన వన్ టౌన్‌లో పుట్టి పెరిగిన మేడంకి ఇదంతా తోపుడుబండ్ల వ్యవహారం. "బండి మీద మూట చూసి సంబరపడకండయ్యా, ఏ గోడౌన్లోంచి వచ్చిందో కనుక్కోండి" అనేవారు.

నేను కనుక్కోలేదు. ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తుండగా, చివరి ఏట, నేను సేకరించిన సంచుల్లో ఒక కొత్త ఆర్ఎన్ఏ దొరికింది. క్యాన్సర్ కణాలే పంపాయని తేల్చేసి బందరు లడ్డూలు పంచాను. వ్యాసం పత్రికకు పంపాం. నా పట్టా దానిమీదే ఆధారపడి ఉంది. ఆ సంతోషంలో మేడం కూడా అడగవలసింది మరిచిపోయి, వారం తరువాత అడిగారు.

"కణాలు లేని ఫ్లాస్కు పెట్టావా నాయనా?"

"లేదండీ."

"ఫ్లాస్కులో పెంచే కణాలకి మేతగా దూడ రక్తంలోంచి తీసిన సీరం పోస్తున్నాం కదా. అందులోనూ సంచులుంటాయి. నీకు దొరికింది క్యాన్సర్‌దా, దూడదా?"

ఉత్త సీరం పోసి చూశాం. కణమే లేని ఫ్లాస్కులోనూ అదే ఆర్ఎన్ఏ. సిగ్గు విడిచి ఏడ్చాను. మేడం వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటూ, పొరపాటు తనదేనని పత్రికకు రాశారు. నా పేరెత్తలేదు. సాయంత్రం తానే లడ్డూలు తెచ్చారు. "మొన్న దూడ ఘనతకి తిన్నాం, ఇవాళ తప్పు దొరికినందుకు తిందాం" అన్నారు.

అప్పటినుంచి ఎవరి తప్పు బయటపడినా లడ్డూలు పంచడం మా ల్యాబు ఆచారమైంది. "నాకు షుగరుందర్రా, కాస్త చూసుకుని తప్పులు చెయ్యండి" అంటూనే మేడం పెద్దది ఏరుకునేవారు. నా పట్టా ఆలస్యంగా వచ్చింది గానీ, నిక్కమైనది వచ్చింది.

చర్చిలో మేడం సంతాప ప్రార్థన ముగించుకుని నా ల్యాబుకి తిరిగొచ్చేసరికి నా విద్యార్థిని తల వంచుకుని నిలబడి ఉంది.

"సారీ సార్, కణాలు లేని ఫ్లాస్కులో కూడా వచ్చేసిందండి."

లడ్డూలు తెప్పించి, పెద్దది మేడం ఫోటో ముందు పెట్టాను. ముందే అడగకపోవడం నా తప్పేనని ఆ అమ్మాయికి చెప్పాను. ఆ మాట పెదవి దాటడం చాలా కష్టమైంది. మేడంకి అంత తేలిగ్గా ఎలా వచ్చేదో అడుగుదామంటే, ఆవిడ లేరు.