గరుసు నేల మీద కోచ్ సార్

మొన్న ఆదివారం పొద్దున ముగ్గురు కుర్రాళ్లు మా ఇంటికొచ్చి, సోఫా చివర ముడుచుకుని కూర్చుని, రంగురంగుల కరపత్రం ఒకటి నా చేతిలో పెట్టారు. మా చిన్నమామ పేర ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నారట. కరపత్రం మీద ఆయన ఫోటో, మెడలో విజిల్, కళ్లకు నల్లద్దాలు. కింద "బెంగుళూరు లీగుల్లో ఒక వెలుగు వెలిగిన క్రీడాకారుడు, ధర్మవరం ఫుట్‌బాల్ పితామహుడు" అని అచ్చేశారు. చదివితే ఒళ్లు మండింది. "మీరు ఆయన సొంత మేనల్లుడంట కదా సార్. ఆయన తయారు చేసిన ప్లేయరంట. మీరొచ్చి రెండు మాటలు చెప్పాల" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. మోకాళ్ల నొప్పులని, ఎండ పడదని ఏదో చెప్పి పంపేశాను. పిల్లలకు కాఫీ అయినా ఇవ్వకుండా పంపానని మా ఆవిడ సణిగింది. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఆయన గురించి రెండు మాటలతో సరిపెట్టడం నా వల్ల కాదు, అంతే. అందుకే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మా చిన్నమామ అంటే మా అమ్మకు ఆఖరి తమ్ముడు. డెబ్బైల మొదట్లో ఎస్సెల్సీ తప్పి, ఇంట్లో చెప్పకుండా బెంగుళూరు బండెక్కాడు. అక్కడొక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆ ఫ్యాక్టరీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది, రెండో డివిజన్‌లో ఆడేది. రెండో డివిజన్ అంటే ఏదో అనుకునేరు, చూడటానికొచ్చే వాళ్లకంటే ఆడేవాళ్లే ఎక్కువగా ఉండే ఆటలవి. ఆ జట్టు పట్టీలో మూడేళ్లు ఈయన పేరుంది. ఆడింది ఒక్క మ్యాచ్. అదీ ఎండాకాలంలో ఒకడికి కాలు బెణికితే, ఇక దిక్కులేక చివర్లో కాసేపు దింపారు. మిగతా కాలమంతా బెంచీ మీద కూర్చుని, ఆడేవాళ్ల చొక్కాలు మడత పెట్టి, విరామంలో వాళ్లకు నిమ్మకాయ ముక్కలు కోసిచ్చాడు. ఇదంతా చాలా ఏళ్ల తర్వాత అదే జట్టులో ఆడిన ఒక పెద్దాయన బెంగుళూరు హోటల్లో దోసె తింటూ నాకు చెప్పాడు. "మంచి మనిషప్పా. నిమ్మకాయలు బాగా కోస్తా ఉండె" అన్నాడు. అంతకుమించి ఆయనకు గుర్తొచ్చిందేమీ లేదు.

డెబ్బైల మధ్యలో ఫ్యాక్టరీ మూతపడిందో, ఈయన్నే పంపేశారో, పెట్టె పట్టుకుని ధర్మవరం వచ్చేశాడు. స్టేషన్లో దిగడం కూడా మామూలుగా దిగలేదు. తెల్ల నిక్కరు, మోకాళ్ల దాకా చారల మేజోళ్లు, తాళ్లు ముడేసి భుజాన వేలాడదీసిన బూట్ల జత. అప్పటిదాకా మా ఊళ్లో నిక్కరేసుకున్న మీసాల మనిషంటే పోలీసే కాబట్టి జనం పక్కకు జరిగి దారిచ్చారు. వారం తిరక్కుండా కోచ్ సార్ అయిపోయాడు. ఎవరు చేశారంటే ఎవరూ చేయలేదు. తనే చెప్పుకున్నాడు, ఊరు నమ్మింది. జరీ అసలుదో నకిలీదో వేలితో తడిమి చెప్పేసే ఊరు మాది. మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ వేళ్లు ఏమైపోయాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఇక ఆ విజిల్ సంగతి చెప్పాలంటే, పెళ్లిళ్లకు కూడా మెడలో వేసుకునే వచ్చేవాడు. మా పిన్ని పెళ్లిలో భోజనాల వరస వంకరగా ఉందని ఊదాడు కూడా, పెళ్లికొడుకు తరఫు ముసలాయన ఉలిక్కిపడి సాంబారు ఒలకబోసుకున్నాడు. బూట్లు మాత్రం ఏనాడూ తొడిగింది లేదు. గోడకు మేకు కొట్టి తగిలించాడు. శనివారం శనివారం వాటికి శెనగనూనె రాయడం నా పని. "ఇవి పచ్చగడ్డి మీద ఏసుకునేటివిరా. ఈ రాళ్లల్లో ఏసుకుంటే పాపం తగుల్తాది" అనేవాడు. వాటి అడుగున తోలు బిళ్లల మీద ఒక్క గీత కూడా ఉండేది కాదు. ఎంత జాగ్రత్తైన మనిషో అనుకునేవాణ్ణి. నేనూ ఆ ఊరివాణ్ణే కదా.

మేం ఆడే చోటు రైలు పట్టాల అవతల ఉండేది. ఎర్రటి గరుసు నేల. శెనక్కాయ చేలు ఏటికేడు ఎండిపోతున్న కాలం. వాన అన్నది పెద్దవాళ్ల కబుర్లలో విన్నంతగా మేం కళ్లతో చూడలేదు. ఆ నేల మీద బంతి పడితే మోకాలెత్తు, ఒక్కోసారి నడుమెత్తు లేచేది. మా కాళ్లకు చెప్పులు కూడా లేవు. కింద దొర్లే బంతిని తన్నబోతే రాయి తగిలి బొటనవేలి గోరు లేచిపోయేది. దాన్ని చూసి మామ ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. "ఎగరనీ. ఎగిరినాక కొట్టు." పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఇదే పాఠం. ఆటలో నీళ్లు తాగితే కడుపు బరువవుతుందని మమ్మల్ని తాగనిచ్చేవాడు కాదు. తను మాత్రం నీళ్ల కూజా పక్కన కుర్చీ వేసుకుని, గ్లాసు మీద గ్లాసు తాగుతూ "ఎగరనీ, ఎగరనీ" అని అరిచేవాడు. దానికి బెంగుళూరు టెక్నిక్ అని పేరు కూడా పెట్టాడు. వానకు తడిసిన గడ్డి మీద బంతి ఎగరదు. మూడేళ్లు గడ్డి పక్కనే కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియదు. ఆడకపోతే పోయె, చూసినా తెలిసేది. ఆయన చూపంతా నిమ్మకాయల మీద ఉన్నట్టుంది.

మాలో ఆట వచ్చినవాడు ఒక్కడే, మా చిన్నాయన కొడుకు. నాకంటే ఏడాది చిన్న, నాకు తమ్ముడి వరస. సన్నగా, పొడుగ్గా, పెద్ద పాదాలతో ఉండేవాడు. ఎగిరిన బంతిని గాల్లోనే అందుకుని వాడు కొడితే, గోలుపోస్టుగా నిలబెట్టిన రెండు సర్వి కర్రల మధ్య నుంచి పోయి వెనక ముళ్లకంపలో పడేది. దాన్ని తీసుకొచ్చే పని నాది, ఎందుకంటే ఆట రానివాళ్లలో పెద్దవాణ్ణి నేనే. నన్ను వెనకాల నిలబెట్టేవాళ్లు. బంతి నా వైపొస్తే ఎగిరేదాకా ఆగే ధైర్యం నాకు లేదు. ముఖానికి తగుల్తుందని భయం. అందుకని రాగానే కళ్లు మూసుకుని తన్నేసేవాణ్ణి. నా బొటనవేళ్లకు రెంటికీ గోళ్లు లేవు. "మామ పరువు తీసేకే పుట్టినావురా నువ్వు" అని రోజూ విజిల్ తాడుతో వీపు మీద ఒకటి అంటించేవాడు.

చిన్నాయనది గుంత మగ్గం. ఇంట్లో ఐదుగురు పిల్లలు, వీడే పెద్దవాడు. వీడు మగ్గంలో కూర్చుంటే తప్ప ఇల్లు నడవని పరిస్థితి. అట్లాంటప్పుడు స్పోర్ట్స్ హాస్టల్‌కు పిల్లల్ని ఎంపిక చేస్తున్నారని కబురొచ్చింది. కోస్తాలో ఒక పట్నంలో పోటీ, జిల్లాకు ఒక్కటే సీటు. సీటొస్తే తిండి, బట్ట, చదువు వాళ్లే చూసుకుంటారు, ఆ తర్వాత ఉద్యోగం కూడా వస్తుందని చెప్పుకునేవాళ్లు. చిన్నాయన మా మామకు తేల్చి చెప్పేశాడు. "ఈ ఒక్కసారి పంపుతాండా. సీటొస్తే వాని రాత. రాలేదంటే సోమవారం నుంచి మగ్గంలో కూకుంటాడు. మళ్లా బంతి, గింతి అని నా గడప తొక్కొద్దు." మామ విజిల్ సవరించుకుని, "నువ్వేం దిగులు పెట్టుకోవాకన్నా. నేను బెంగుళూరులో ఆడినోడ్ని" అన్నాడు. తమ్ముడు ఆ వారమంతా నిద్రలో కూడా కాళ్లు విసిరేవాడని మా చిన్నమ్మ చెప్పింది.

గుంతకల్లులో బండి మారి, ఒక రాత్రంతా కూర్చుని పోయాం. మా జిల్లా నుంచి మేం పదకొండు మందిమే. ఆ పట్నంలో దిగేసరికి వాన. మేం పదకొండు మందీ స్టేషన్ బయట నిలబడి నోళ్లు తెరుచుకుని చూశాం. అక్కణ్ణుంచి మైదానానికి పోయాం. కంటికి కనిపించినంత మేరా పచ్చగడ్డి. తమ్ముడు వంగి, గడ్డిని అరచేత్తో నిమిరి, "అన్నా, ఇంత మెత్తగా ఉంటే పడినా నొప్పి ఉండదు" అని నవ్వాడు. మామ కూడా వంగి గడ్డి ముట్టుకున్నాడు. ముట్టుకుని, చెయ్యి తడైతే నిక్కరుకు తుడుచుకుని, "ఏం ఫరకు లేదు. ఎగరనీ, ఎగిరినాక కొట్టు" అన్నాడు.

ఆ ఆట ఎట్లా సాగిందో వేరే చెప్పాలా? బంతి వచ్చి గడ్డి మీద పడేది, అక్కడే చతికిలపడేది. తమ్ముడు కాలెత్తి, అది లేస్తుందని ఎదురుచూస్తూ ఒంటికాలి మీద నిలబడేవాడు. ఈలోపల అవతలివాడొచ్చి దాన్ని తీసుకుపోయేవాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఆట ముగిసేదాకా అదే. గీత పక్క నుంచి మామ "ఎగరనీరా, తొందరపడొద్దు" అని అరుస్తూనే ఉన్నాడు. వాడు గురువు మాట తప్పే రకం కాదు. చూస్తున్న జనం నవ్వారు. నేను మాత్రం ఎప్పటిలాగే బంతి రాగానే భయంతో తన్నేశాను. ఆ తడి నేల మీద సరిగ్గా అదే కావాలట. ఐదారు గోల్స్ ఆపానని తర్వాత ఎవరో చెప్పారు. ఆపిన సంగతి నాకు తెలియదు, నా కళ్లు మూసుకునే ఉన్నాయి.

సాయంత్రం ఎంపిక చేసే పెద్దాయన మామను పక్కకు పిలిచాడు. నేను బంతుల సంచి మోసుకుంటూ వెనకాలే ఉన్నాను. అదంతా విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. "చూడండి మాస్టారూ, మీ జిల్లా సీటు ప్రస్తుతానికి ఈ వెనకాల ఆడే కుర్రాడికి రాశాను. కానీ ఆ పొడుగు కుర్రాడి కాలు చూశాను. వాడిలో ఏదో ఉంది. వాడు గడ్డి మీద ఎప్పుడూ ఆడలేదనుకుంటా, అవునా? మీరు ఒక కాగితం మీద, గడ్డి నేల మీద ఆడటం వాడికి నేర్పలేదు అని రాసివ్వండి. రేపు పొద్దున వాణ్ణి ఒక్కణ్ణే మళ్లీ చూస్తాను. బాగా ఆడితే సీటు వాడికే" అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడో. మామ మెడ నిక్కించాడు. "నేను బెంగుళూరులో మూడేండ్లు గడ్డి మీద ఆడినోడ్ని సార్. నా పిల్లోళ్లకు నేను నేర్పలేదని నా చేత్తో రాసియ్యాల్నా? వాని ఆట అంతే. రాసేది ఏమీ లేదు." పెద్దాయన సరేనని కలానికి మూత పెట్టేశాడు. సొంత అక్క కొడుక్కి సీటు దక్కించుకునేందుకు అట్లా చేశాడని మీరనుకోవచ్చు. అంత లెక్క వేసే తెలివి ఆయనకు లేదు. గొప్పకు పోయాడు, అంతే. ఒక్క కాగితం ముక్క రాస్తే పోయేదేమిటి ఆ మనిషికి?

ఆదివారం ధర్మవరంలో దిగాం. చిన్నాయన మగ్గం దగ్గరే కూర్చుని ఉన్నాడు. మామ గడపలోనే నిలబడి, పక్కన వాణ్ణి పెట్టుకునే చెప్పాడు. "అన్నా, నేను చేయాల్సిందంతా చేసినా. నీ కొడుక్కు గుండె లేదు. ఆడ జనాన్ని చూసి బిత్తరపోయినాడు." తమ్ముడు తల వంచుకుని, కాలి బొటనవేలితో గడప రాస్తూ నిలబడ్డాడు. తన గురువు అన్నాడు కాబట్టి అది నిజమే అనుకున్నాడు. చిన్నాయన లోపలికి పోయి వాడి సైజుకు మగ్గం గుంతలో పీట సరి చేశాడు. ఆ ఆటగాడు, ఆ కోచ్ సార్, ఆ పితామహుడు, ఇంటికి పోయి రెండు చెంబులు నీళ్లు పోసుకుని, మా అమ్మ చేసిన ఉగ్గాని తిని పడుకున్నాడు. ఆ తర్వాత ఇంకో పదేళ్లు అదే నేల మీద, అదే పాఠం చెప్పాడు. ఒక్కడికీ ఎక్కడా సీటు రాలేదు. ఎవరైనా అడిగితే నా పేరు చూపించేవాడు.

నేను హాస్టల్లో చేరాను. ఆట వచ్చింది లేదు గానీ సర్టిఫికెట్లు వచ్చాయి, వాటితో సర్కారు ఉద్యోగం వచ్చింది, ముప్పై ఐదేళ్లు ఫ్యాను కింద కూర్చున్నాను. మామను ఈ నలభై ఏళ్లలో నేను తిట్టని తిట్టు లేదు. పిరికివాడన్నాను, అబద్ధాలకోరన్నాను, పోయినప్పుడు పాడె మోస్తూ కూడా మనసులో తిట్టుకున్నాను. కానీ ఆ సాయంత్రం బంతుల సంచి పట్టుకుని అక్కడ ఇంకొకడు కూడా నిలబడ్డాడు. వాడికి నోరుంది. "సార్, మాకు గడ్డంటే తెలీదు సార్" అని ఐదు మాటలంటే చాలు. అంటే తన సీటు పోతుందని వాడికి బాగా తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాడు. గడపలో "గుండె లేదు" అన్నప్పుడు కూడా మూసుకునే ఉన్నాడు. ఆ పిరికివాణ్ణి తిట్టడానికి నాకు ఇన్నాళ్లూ తీరలేదు.

తమ్ముడు ఇప్పటికీ మగ్గమే నేస్తున్నాడు. వీపు వంగింది, కుడి కాలు మంట పుడుతుందని రాత్రుళ్లు నూనె పట్టిస్తాడు. పోయిన శ్రావణంలో మేమంతా వాళ్లింట్లో ఉన్నప్పుడు వాడి మనవరాలు, "తాతా, నువ్వు కూడా బంతి ఆడేవాడివంట, మరి పెద్ద తాతకు మాదిరి నీకెందుకు ఉద్యోగం రాలేదు?" అని అడిగింది. వాడు కండెకు పట్టుదారం చుట్టడం ఆపకుండా నవ్వి, "కొందరికి గుండె ఉంటాదమ్మా. మీ పెద్ద తాతకు ఉండాది. నాకు లేకపాయ" అన్నాడు. నా వైపు ఎంత ప్రేమగా చూశాడో చెప్పలేను. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి, పొద్దుపోయిందని లేచాను. చెప్పాల్సింది చిన్న మాటే. దానికి తగిన రోజు రేపే అని, పదిహేనేళ్ల వయసు నుంచి అనుకుంటూనే ఉన్నాను.